కొండ కింద ఇల్లు: ఎంత వాన పడితే బయటికి రావాలి?

ప్రశ్న: విజయవాడలో కొండ దిగువన వంద గజాల్లో కట్టుకున్న ఇల్లు మాది. వెనక గోడకి ఆరడుగుల దూరంలో కొండని నిలువుగా కోసేసి ఉంది, ఎత్తు పదిహేను అడుగులుంటుంది. దాని మీద పై వరుసవాళ్లు పదడుగుల రాతి గోడ కట్టి, వెనక మట్టి నింపి ఇల్లు వేసుకున్నారు. పోయిన వానాకాలంలో ఆ గోడ మధ్యలో ముందుకి ఉబ్బింది. పక్కనున్న మెట్లదారిలో వేలు దూరేంత పగులొచ్చింది. ఇంకా పైన రెండు మూడు పెద్ద బండలున్నాయి. మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడటం చూశాక వాన మొదలైతే నాకు నిద్ర పట్టడం లేదు. మావారేమో "ఇరవయ్యేళ్లుగా ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుంది" అంటారు. ఎన్ని సెంటీమీటర్లు పడితే ప్రమాదం? ఇల్లు ఖాళీ చెయ్యాలా? అత్తగారికి మెట్లు దిగడం కష్టం, పిల్లలు చిన్నవాళ్లు.
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు అసలు మాట చెప్పేస్తాం. ఉబ్బిన గోడ, దాని పక్కనే కొత్త పగులు, కింద నిలువు కోత – ఈ మూడూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి, భారీ వర్షం పడుతుందన్న ప్రతి రాత్రీ మీ కుటుంబం ఇంకోచోట పడుకోవాలి. ఇంజనీరు వచ్చి ఆ గోడని చూసి, కాగితం మీద రాసి సంతకం పెట్టేదాకా ఇంతే. వెనక గదిని మాత్రం ఈరోజు నుంచే పడకకి వాడకండి. పిల్లల మంచాలూ అత్తగారి మంచమూ వీధి వైపు గదిలోకి మార్చండి. ఇల్లు శాశ్వతంగా వదలాలా అన్నది ఆ గోడ మరమ్మతు అవుతుందా లేదా అన్న దాని మీద తేలుతుంది.

మీవారి మాటకి సమాధానం కొండ లోపలే ఉంది. విజయవాడ కొండలు తూర్పు కనుమల రాయి. ఎక్కువగా ఖొండలైట్, అక్కడక్కడ చార్నొకైట్. ఖొండలైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వాననీటికి నెమ్మదిగా బంకమట్టిగా మారుతుంది. పైకి గట్టి రాయిలా కనిపించే కోతలో పగుళ్ల వెంట, పొరల మధ్య ఈ మెత్తదనం ఏటేటా లోపలికి పోతూనే ఉంటుంది. అంటే ఇరవయ్యేళ్ల కిందటి కోతా ఇప్పటి కోతా ఒకటి కాదు. దీనికి తోడు ఈ ఇరవయ్యేళ్లలో పైన ఎన్ని ఇళ్లు లేచాయి, ఎన్ని కుళాయిలు, ఎన్ని సెప్టిక్ ట్యాంకులు వచ్చాయి? ఆ నీళ్లన్నీ కొండలోకి దిగుతున్నాయి. కొండ బలం తగ్గుతోంది, దాని మీద బరువూ నీరూ పెరుగుతున్నాయి. ఇన్నేళ్లు నిలిచిందన్నది ఇక ముందు కూడా నిలుస్తుందనడానికి సాక్ష్యం కాదు.

వాన కొండచరియని ఎలా దింపుతుందో తెలిస్తే మిగతా లెక్కలన్నీ అర్థమవుతాయి. పూర్తిగా నానని మట్టిలో రేణువుల మధ్య పల్చటి నీటి పొర ఉండి వాటిని దగ్గరికి లాగి పట్టి ఉంచుతుంది. ఎండాకాలంలో నిలువు కోత నిలబడేది చాలావరకు ఈ పట్టు వల్లే. వాన ఇంకేకొద్దీ ఆ పట్టు పోతుంది. ఇంకా ఇంకితే ఖాళీలన్నీ నిండి, లోపలి నీరు రేణువుల్ని విడదీసి తోయడం మొదలుపెడుతుంది. బంక లేని ఇసుకపాటి మట్టి పొడిగా ఉన్నప్పుడు 32 డిగ్రీల వాలు దాకా నిలుస్తుందనుకుందాం. అదే మట్టి పైదాకా నీటితో నిండి, ఆ నీరు వాలు వెంబడి పారుతుంటే దాదాపు 17 డిగ్రీలకే జారడానికి సిద్ధమవుతుంది. అందుకే ఎంత వాన పడిందన్న ప్రశ్న ఒక్కటే చాలదు. పడిన నీటిలో కొండలోకి ఎంత దిగింది, దిగింది బయటికి పోవడానికి దారి ఉందా అన్నవి కూడా చూడాలి.

ఇప్పుడు సెంటీమీటర్ల సంగతి. అన్ని కొండలకీ పనికొచ్చే ఒక్క అంకె లేదు. నెల్ కేన్ అనే శాస్త్రవేత్త 1980లో ప్రపంచంలోని పలుచోట్ల జరిగిన లోతు తక్కువ చరియల వానలెక్కలన్నీ కలిపి ఒక కింది హద్దు గీశారు. దాని ప్రకారం గంట వానైతే సుమారు 15 మి.మీ., మూడు గంటలైతే 29, పన్నెండు గంటలైతే 67, ఇరవైనాలుగు గంటలైతే 103, రెండు రోజులైతే 157 మి.మీ. దీనికి తక్కువ వానకి సహజమైన వాలు జారడం అరుదు. ఎక్కువ పడితే జారి తీరాలనీ లేదు. గంటకి 15 మి.మీ. వాన విజయవాడలో ప్రతి వానాకాలమూ చూసేదే. అయితే ఆ హద్దు అడవి కొండలకి, సహజమైన వాలులకి సంబంధించింది. మనిషి నిలువుగా కోసి, పైన మట్టి పోసి, పైపు లీకేజీలతో ముందే నానబెట్టిన మీ వెనక కొండకి అంత వాన కూడా అక్కర్లేకపోవచ్చు.

ఒక్కరోజు వానకంటే ముందు రోజుల వాన ముఖ్యం. 2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో చరియ పడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు తుడిచిపెట్టుకుపోయే ముందు 48 గంటల్లో అక్కడ 572 మి.మీ. పడిందని కేరళ ప్రభుత్వం చెప్పింది. మీ కొండ వేరు, అంత వాన కూడా అక్కర్లేదు. కానీ రెండు మూడు రోజులుగా నానిన కొండ మీద చివర్లో పడే జోరువానే ఎక్కువసార్లు చరియని దించుతుందన్నది ఎక్కడైనా ఒకటే. కాబట్టి మీరు రెండు లెక్కలు చూసుకోవాలి: గడిచిన మూడు రోజుల మొత్తం, ప్రస్తుత గంటలో పడుతున్న జోరు.

ఈ లెక్క ఇంట్లోనే తీసుకోవచ్చు. వాతావరణ కేంద్రం మీ ఇంటికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, కొండ పక్కన వాన అక్కడికీ ఇక్కడికీ ఒకేలా పడదు. అడుగు ఎత్తున్న, పైనా కిందా ఒకే వెడల్పున్న స్టీలు డబ్బా తీసుకోండి. కిందికి సన్నబడే బకెట్, గ్లాసు వద్దు, వాటిలో లెక్క తప్పుతుంది. డాబా మీద చెట్టూ ట్యాంకూ పిట్టగోడా అడ్డురాని చోట, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టండి. అడ్డు ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం ఉండాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్టీలు స్కేలు నిలువుగా ముంచి మిల్లీమీటర్లు చదివి, నీళ్లు పారబోసి, నోటు పుస్తకంలో రాయండి. వాతావరణ శాఖ రోజు లెక్క కూడా ఆ సమయానికే మారుతుంది కాబట్టి పోల్చుకోవడం సులువు. జోరువాన పడుతున్నప్పుడు గంటకోసారి చూడాలి. ఆ సమయంలో డాబా మెట్లెక్కడం, పిడుగులు పడుతుంటే బయట నిలబడటం ప్రమాదం. కాబట్టి వరండా అంచున, చూరు నీళ్లు పడని చోట రెండో డబ్బా పెట్టుకుంటే మంచిది.

ఇక మీ ఇంటికి మేం పెట్టే హద్దులు. ఇవి ఏ ప్రమాణపత్రంలోనివీ కావు. మీ గోడ ఇప్పటికే కదిలింది కనుక కావాలనే తక్కువగా పెడుతున్నాం. ఒకటి: రాబోయే 24 గంటల్లో భారీ వర్షమని, అంటే 64.5 మి.మీ. దాటుతుందని వాతావరణ శాఖ చెప్పడం. ఎల్లో అలర్ట్ అయినా చాలు, రెడ్ దాకా ఆగొద్దు. రెండు: మీ పుస్తకంలో మూడు రోజుల మొత్తం 100 మి.మీ. దాటి, ఆకాశం ఇంకా మూసుకునే ఉండటం. మూడు: గంటలో 30 మి.మీ. పడటం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా బయల్దేరాలి. దీనివల్ల ఒక వానాకాలంలో కొన్ని రాత్రులు ఊరికే వెళ్లొచ్చినట్టవుతుంది. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. అయినా ఆ విసుగుని ముందే లెక్కలో వేసుకుని, ఎండాకాలంలోనే అందరూ కూర్చుని ఈ మూడు హద్దులకీ ఒప్పుకోవాలి. అర్ధరాత్రి వానలో కూర్చుని వాదించుకుంటే ఎవరూ కదలరు.

వాన లెక్కతో సంబంధం లేకుండా, కనిపించిన క్షణంలో ఇల్లు వదలాల్సిన గుర్తులు కొన్నున్నాయి. కోత అడుగున ఎప్పుడూ లేనిచోట ఊట పుట్టడం. తేటగా కారే నీరు ఎర్రగా, బురదగా మారడం – గోడ వెనక మట్టి కొట్టుకొస్తోందని దాని అర్థం. వాన పడుతూనే ఉన్నా ఎప్పుడూ పారే వాగో కాలువో హఠాత్తుగా తగ్గిపోవడం – పైన ఏదో అడ్డుపడి నీరు నిలుస్తోంది. కోతలోంచి చిన్న రాళ్లు, మట్టిపెళ్లలు ఆగి ఆగి రాలడం. తలుపు గడియ ఉన్నట్టుండి పట్టకపోవడం, కరెంటు స్తంభమో చెట్టో కొత్తగా ఒరగడం, చెట్ల వేళ్లు పటపటమని తెగే చప్పుడు. వీటిని చూశాక ఫొటో తీయడానికి కూడా ఆగకండి.

మీ ఉత్తరంలో మాకు బండలకంటే ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ రాతి గోడ. పదడుగుల గోడ వెనక మట్టి పొడిగా ఉంటే, మీటరు పొడవు గోడ మీద పడే తోపు సుమారు 2.7 టన్నులు. అదే మట్టి వెనక పైదాకా నీరు నిలిస్తే తోపు ఆరు టన్నుల దాకా పోతుంది. అందులో ముప్పావు వంతు దాకా ఒట్టి నీటి ఒత్తిడే. అంటే గోడని పడదోసేది మట్టికంటే ముందు నీరు. అందుకే ఇలాంటి గోడలో నీరు బయటికి రావడానికి 75 నుంచి 100 మి.మీ. పైపు ముక్కలు మీటరు, మీటరున్నర దూరంలో, ఒక వరుసకీ ఇంకో వరుసకీ మధ్యలో పడేలా, బయటికి వాలుగా పెట్టాలి. అన్నిటికంటే కింది వరుస నేలకి జానెడు ఎత్తులో ఉండాలి. వెనక అడుగు మందాన కంకర నింపాలి. కంకర లేకుండా పైపులు మాత్రం పెడితే రెండు వానాకాలాల్లో మట్టి పూడిపోతుంది.

కాబట్టి ఈ వారమే ఎండ ఉన్నప్పుడు గోడని కింద నుంచి, దూరంగా నిలబడి చూడండి. పైపులు ఉన్నాయా? ఉంటే మామూలు వాన పడిన రోజు కారుతున్నాయా? పక్క గోడలు కారుతూ ఇదొక్కటే పొడిగా ఉంటే అది మంచి గుర్తు కాదు, వెనక నీరు బందీ అయిందన్నమాట. ఎండాకాలం మధ్యలో కూడా గోడ మీద ఒకచోట చెమ్మ, పాచి ఉంటే అది వాన నీరు కాదు. పైవాళ్ల కుళాయి పైపో సెప్టిక్ ట్యాంకో కారుతోంది. ఉబ్బు ఎంతుందో తెలియాలంటే మేస్త్రీని పిలిచి గోడ అంచు నుంచి గుండు కట్టిన దారం వేలాడదీయించండి. దారానికీ గోడకీ మధ్య దూరాన్ని పైన, మధ్యన, కింద కొలిచి తేదీతో రాయండి. ఈ కొలతలు పొడి రోజున, పగలే తీయాలి. నెల తర్వాత మళ్లీ. అంకె పెరిగిందంటే గోడ నడుస్తోంది. రాళ్ల సందుల్లో రావి, మర్రి మొలకలుంటే అవీ రాయండి, వేళ్లు సందుల్ని వెడల్పు చేస్తాయి. మొక్క చిన్నదైతే కోయించండి, పెద్దదైతే పీకించకండి, వేళ్లతోపాటు రాళ్లూ ఊడొస్తాయి.

గోడ పదడుగులుంటే, తన బరువుతోనే నిలబడే రాతి గోడకి అడుగున అయిదారడుగుల మందం ఉండాలి. చాలా కొండవీధుల్లో అడుగున్నర మందం గోడ కట్టి సిమెంటు పూత పూసి వదిలేస్తున్నారు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు కూడా మట్టిని ఆపడానికి కడుతున్నారు, అవి ప్రహరీలు, మట్టిని ఆపేవి కావు. కొత్త గోడ కదా అని ధైర్యపడటానికీ లేదు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో కొత్తగా కట్టిన గోడ ఒక రాత్రి వానకే కూలి, క్యూలో నిలబడిన భక్తులు ఏడుగురు చనిపోయారు. అది నడి ఎండాకాలం, వానాకాలం మొదలుకూడా కాలేదు.

మెట్లదారిలోని పగులు ఎటు పోతోందో చూడండి. మెట్లని అడ్డంగా కోసి, కొండ అంచుకి సమాంతరంగా, కొంచెం వంపు తిరిగి ఉంటే అది కొండ విడిపోతున్న పగులు. మెట్ల సిమెంటు ఎండకి పగిలిన గీత సన్నగా, తిన్నగా ఉంటుంది, రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉంటుంది. మీ దాంట్లో వేలు దూరుతోంది, కింది పక్క దిగి కూడా ఉంటే సందేహమే అక్కర్లేదు. పగులుకి అటొకటీ ఇటొకటీ కాంక్రీటు మేకులు కొట్టించి మధ్య దూరం స్టీలు స్కేలుతో కొలవండి. రెండు చోట్ల పెడితే మేలు. పొడి రోజుల్లో వారానికోసారి, వానాకాలంలో వాన వెలిసిన పగటి పూట రోజూ. ఎండకీ చలికీ ఒకటి రెండు మి.మీ. తేడా వస్తుంది. వారంలో అయిదు మి.మీ. పెరిగినా, వాన పడిన రోజుల్లో కొద్దిగానైనా వరసగా పెరుగుతున్నా ఇల్లు వదిలి, అధికారులకి ఆ అంకెలు చూపించండి.

ఈ పగులుని ఊరికే వదలొద్దు. రెండు మీటర్ల లోతు పగులు నీటితో నిండితే మీటరు పొడవుకి దాదాపు రెండు టన్నుల బలంతో కొండని మీవైపు తోస్తుంది. మేకులు కొట్టాక బంకమట్టి కూరి, పైన టార్పాలిన్ కప్పి, పై అంచుని పగులుకి రెండడుగుల పైనే మట్టిలో పూడ్చండి, నీరు కిందికి దూరకుండా. సిమెంటు పోసి మూసేస్తే లోపల జరిగేది కనిపించదు.

బండల విషయం వేరు. అవి జారవు, దొర్లుతాయి. ఘనమీటరు బండ రెండున్నర టన్నులకి పైనే తూగుతుంది. పునాది ఉన్న కొండ రాయేనా, మట్టి మీద కూర్చున్న విడి బండా అన్నది ముందు తేల్చుకోవాలి. విడి బండ కింద వాన మట్టిని కోసేసి గుహలా చేసి ఉంటే, దాని కింద చిన్న రాళ్లు ఆనిక పెట్టినట్టు ఉంటే, దాని పగుళ్లలో చెట్టు వేళ్లుంటే అది వచ్చే దారిలోనే ఉందనుకోండి. బండ మీదా దాని పక్క రాతి మీదా కలిపి ఒకే గీతగా రంగు వేయించండి. గీత విడిపోతే కదిలినట్టే. కింద పెరట్లో, వీధిలో పాత బండలు ఎక్కడిదాకా వచ్చి ఆగి ఉన్నాయో చూస్తే కొత్తవి ఎందాకా రాగలవో కొంత తెలుస్తుంది. 2020 అక్టోబరు 21న దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద, 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కూలినవి ఈ కొండల జాతివే. బండని మనమే తొలిచేద్దాం, గునపంతో తోసేద్దాం అని వీధి కుర్రాళ్లు బయల్దేరితే దయచేసి ఆపండి. ఆనికగా ఉన్న చిన్న రాయి ఒక్కటి తీస్తే అది ఎటు వస్తుందో చెప్పలేం.

కోతని కూడా ఒకసారి చూడండి. రాతి పొరలు కొండ లోపలికి వాలి ఉంటే కొంత నయం. మీ ఇంటివైపుకి వాలి ఉంటే పొర మీద పొర జారి రావడానికి దారి ఉన్నట్టే. వాలు కొలవడం తేలిక. మీటరు కర్రని అడ్డంగా మట్టంగా పట్టుకుని, దాని చివర నుంచి వాలు మీదికి నిలువు దూరం కొలవండి. 58 సెం.మీ. వస్తే 30 డిగ్రీలు, 84 వస్తే 40, మీటరు వస్తే 45. జపాన్ చట్టం 30 డిగ్రీలకి మించి, అయిదు మీటర్ల ఎత్తు దాటిన వాలు కింద, దాని ఎత్తుకి రెండింతల దూరం దాకా హెచ్చరిక పరిధిగా గుర్తిస్తుంది. మీ కోత పదిహేను, దాని మీద గోడ పది, మొత్తం పాతిక అడుగులు. రెండింతలంటే యాభై. వంద గజాల స్థలమంటే ఇరవై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల పొడవు అనుకుంటే, ఇల్లంతా ఆ పరిధిలోనే ఉంది. వీధి గది వెనక గదికంటే నయమే కానీ, పెద్ద వాన రాత్రికి అదీ చాలదు.

నీటిని మళ్లించడమే మీ చేతిలో ఉన్న అసలు పని, ఖర్చు కూడా తక్కువ. వంద గజాల శ్లాబు మీద పది సెంటీమీటర్ల వాన పడితే ఎనిమిది వేల లీటర్లకి పైగా నీరు. పై ఇంటి శ్లాబు గొట్టం ఆ నీటినంతా ఉబ్బిన గోడ వెనకే వదులుతుంటే, ఆ గొట్టాన్ని మెట్ల పక్క కాలువ దాకా పొడిగించడానికి కొన్ని పైపులూ ఒక రోజు కూలీ చాలు. అవసరమైతే ఖర్చు మీరే పెట్టుకోండి, పంతానికి పోకండి. కోత పైఅంచుకి పైన అడ్డంగా అడుగు వెడల్పు, అడుగు లోతు సిమెంటు కాలువ ఉంటే వీధిలో పడే వాననంతా మోయడానికి అది చాలా ఎక్కువ. అయితే అది నిండా ప్లాస్టిక్ కవర్లతో ఉంటుంది. అడ్డుపడిన చోట నీరు పొంగి నేరుగా గోడ వెనక్కి దూకుతుంది. జూన్ మొదట్లోనూ, ప్రతి భారీ వానకి ముందూ ఆ కాలువ తవ్వి తీయాలి, పగిలిన చోట సిమెంటు పూయాలి.

ఇంకుడు గుంతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మైదానంలో అవి మంచివే, ప్రభుత్వమూ ప్రోత్సహిస్తోంది. కోసిన కొండకి పైన మాత్రం వద్దు. అక్కడ ఇంకించిన ప్రతి చుక్కా గోడ వెనక చేరుతుంది. సెప్టిక్ ట్యాంకు నీళ్లు వదిలే సోక్‌పిట్లూ అంతే. పై వరుసలో ఎవరికైనా ఉంటే పైపు వేసి కాలువలోకి మళ్లించమని అడగండి. అరటి, కూరగాయల మడులు పెట్టి రోజూ తడపడం కూడా మానిపించండి. వట్టివేరు నాటడం మంచిదే. జానెడుకో దుబ్బు చొప్పున వాలుకి అడ్డంగా వరసలు వేస్తే పైమట్టి కొట్టుకుపోదు. కానీ అది పదడుగుల గోడని గానీ రాతి పొరల్ని గానీ ఆపలేదు. కోత అడుగున మట్టి తవ్వి స్థలం పెంచుకోవాలన్న ఆలోచన మీకు గానీ పక్కింటివాళ్లకి గానీ వస్తే అసలు ఒప్పుకోకండి. కొండని అడుగున పట్టి ఉంచేది ఆ మట్టే.

ఎవరిని అడగాలి? వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగానికి ఒక ప్రతి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక ప్రతి ఇవ్వండి. "కొండ ప్రమాదంగా ఉంది" అని రాస్తే పక్కన పెడతారు. కోత ఎత్తు, ఇంటికి దూరం, గోడ ఎత్తు, ఉబ్బు ఎన్ని సెంటీమీటర్లు, పగులు ఏ తేదీకి ఎంత, నీటి పైపులు ఎన్ని పూడాయి, కింద ఎన్ని ఇళ్లు, ఎందరు మనుషులు – ఇవి అంకెలతో రాసి, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలు జతచేయండి. పై వరుసవాళ్ల చేత కూడా సంతకం పెట్టించండి. గోడ కూలితే ముందు పోయేది వాళ్ల ఇంటి పునాదే. భూగర్భ సర్వే సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది, కలెక్టరు రాస్తే వాళ్లు పరిశీలనకి వస్తారు. మీ ఊళ్లోని ఇంజనీరింగ్ కళాశాలల సివిల్ విభాగాల్లో మట్టి మెకానిక్స్ చెప్పే అధ్యాపకులూ చూడగలరు. పరిష్కారం గోడ తీసి కొత్తది కట్టడమా, కొండలోకి ఇనుపకడ్డీలు దింపి కట్టడమా, బండలకి వల వేయడమా అన్నది వాళ్లు తేల్చాలి. మేస్త్రీ చెప్పిన అంచనాతో మొదలుపెట్టకండి.

హెచ్చరికల కోసం వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు సూచనలు చూస్తుండండి. భూగర్భ సర్వే సంస్థ 2024 జులైలో కోల్‌కతాలో కొండచరియల ముందస్తు అంచనా కేంద్రం మొదలుపెట్టింది. భూస్ఖలన్ అనే మొబైల్ యాప్ కూడా ఉంది. ఆ బులెటిన్లు కొన్ని జిల్లాలకే వస్తాయి, పైగా అవి ప్రాంతం మొత్తానికి చెప్పేవి. మీ వెనక గోడ సంగతి మీ నోటు పుస్తకమే చెప్పాలి.

వెళ్లే రోజు చీకటి పడకముందే వెళ్లండి. అత్తగారికి మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో పొడి రోజున ఒకసారి దింపి చూసుకోండి. తడి మెట్ల మీద, కరెంటు పోయిన చీకట్లో దానికి రెండింతలు వేసుకోవాలి. ఎవరు ఆవిడ చెయ్యి పట్టుకోవాలో, ఎవరు పిల్లల్ని తీసుకోవాలో ముందే అనుకోండి. మందులు, ఆధార్, ఇంటి కాగితాలు, టార్చి, ఛార్జరు ఒకే సంచిలో తలుపు పక్కన ఉండాలి. వెళ్లే ఇల్లు ఇంకో కొండ కింద ఉండకూడదు, కాలువ గట్టు పక్కనా ఉండకూడదు. పక్క దారిలో వెళ్లండి, ఉబ్బిన గోడ కిందనున్న మెట్లు వద్దు. గ్యాస్, మెయిన్ స్విచ్ ఆపేయండి. ఆపద వస్తే 112, రాష్ట్ర విపత్తు నిర్వహణ కేంద్రానికి 1070.

వెళ్లడానికి వ్యవధి లేక చరియ మీదికొస్తే, అది వచ్చే దారికి అడ్డంగా పక్కకి పరుగెత్తండి, దానితోపాటు కిందికి కాదు. పక్కింటి మీద చరియ పడితే సాయానికి వెంటనే దాని కిందికి చేరకండి. వయనాడ్‌లో మొదటిది రాత్రి ఒంటిగంట దాటాక వచ్చింది, కొన్ని గంటల్లోనే రెండోది వచ్చింది. ఒకరు పైన కోతని చూస్తూ అరవడానికి నిలబడి ఉంటేనే మిగతావాళ్లు లోపలికి వెళ్లాలి.

వాన ఆగగానే తిరిగి రావద్దు. పైన పడిన నీరు కొండ లోపల కిందికి దిగడానికి సమయం పడుతుంది. 2021లో తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు పడింది డిసెంబరు 1న, అంతకుముందు నవంబరు నెలలో కురిసిన కుండపోతలకి కొండ నానిపోయి ఉండగా. మీ ఇంటికి మేం చెప్పేది: వాన పూర్తిగా ఆగి ఒక పగలూ ఒక రాత్రీ గడవాలి, గోడ పైపుల్లో కారే నీరు తగ్గి తేటగా మారాలి, మేకుల మధ్య కొలత వెళ్లేముందు ఎంతుందో అంతే ఉండాలి, రంగు గీత విడిపోకూడదు. ఈ కొలతలు తీయడానికి పగటిపూట ఒక్కరే రండి, ఇంకొకరు దూరంగా నిలబడి పైకి చూస్తుండాలి. నాలుగూ సరిపోతేనే అత్తగారినీ పిల్లల్నీ తీసుకురండి. ఒక్కటి తేడాగా ఉన్నా ఆ రాత్రి కూడా అక్కడే ఉండి, పొద్దున్నే ఆ అంకెతో సచివాలయానికి వెళ్లండి.